పక్క బెడ్డు అమ్మాయికి దండం

నిన్న సాయంత్రం డిశ్చార్జి చేశారు. కుట్లు లాగుతున్నాయి, ఎక్కువసేపు కూర్చోలేను. అయినా ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఫోన్లు చేసిన అందరికీ విడివిడిగా మాట్లాడే ఓపిక లేదు, ఇదే నా జవాబు అనుకోండి.

ముట్లు ఆగిపోయిన ఇన్నేళ్ళకు నాకు మళ్ళీ ఎర్రగా కనిపించింది. ఉదయగిరి, సీతారామపురం, కలిగిరి వైపు నర్సుగా తిరిగినన్నాళ్ళూ ఆడవాళ్ళకు చెప్పిందే నేనూ చేశాను. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా ఊరుకోకూడదు. స్కానింగులో గర్భసంచి లోపలి పొర మందంగా ఉందన్నారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని తేలింది. మొదటి దశ. సంచి, ట్యూబులు, అండాశయాలు అన్నీ తీసేశారు.

గర్భసంచి ఊరికే తీయించుకోవద్దని ఇంటింటికీ తిరిగి పోట్లాడినదాన్ని నేను. తెల్లబట్టకీ నడుం నొప్పికీ ముప్పై దాటీ దాటకముందే తీయించేసుకున్నవాళ్ళని ఎంతమందిని చూశానో! "పిల్లలు పుట్టారు గదమ్మా, ఇంక దాంతో పనేముంది" అనేవాళ్ళు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసుకే ఎముకలు గుల్లబారతాయి, ఒంట్లో ఆవిర్లు పుట్టి నిద్ర ఉండదు. అప్పుడొచ్చి నా దగ్గర ఏడ్చేవాళ్ళు. ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ముందుంటుందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెబుతోంది. అవసరం లేనివి ఆపమని కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలన్నీ వాటిని అమలు చేయాలంది. ఇప్పుడు కొందరు "నువ్వే తీయించుకున్నావు గదా" అంటున్నారు. పరీక్షలేమీ చేయకుండా తీసేయొద్దు అన్నాను. నాది పరీక్షలో తేలింది.

ఇక అసలు మనిషి గురించి. ఆపరేషన్ మర్నాటి రాత్రి. ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళని ఉండనివ్వరు. పాపకు జ్వరమని మా కోడలు ఇంటికెళ్ళింది. నాకు వాంతి అయి ఒళ్ళూ దుప్పటీ అన్నీ పాడయ్యాయి. పక్క బెడ్డులో అత్తకు తోడున్న అమ్మాయి లేచొచ్చింది. పామూరు దగ్గర పల్లె, పొగాకు పనికి పోతుందట, గోళ్ళ చుట్టూ ఆ మరక ఉంది. వద్దమ్మా అంటున్నా వినలేదు. ఫ్లాస్కులో వేడినీళ్ళు కలుపుకొచ్చి మొహం, మెడ, చంకలు తుడిచింది. నన్ను ఒక పక్కకి ఒత్తిగిలించి, మురికి దుప్పటి సగం చుట్టి, తన దుప్పటి సగం పరిచి, మళ్ళీ ఇటు తిప్పి మురికిది లాగేసింది. యూరిన్ బ్యాగు మంచం మీద పెట్టకుండా కిందికి తగిలించింది. "పైన పెడితే ఉచ్చ మళ్ళీ లోపలికి పోద్దంటక్కా, మా అత్తకి పెట్టినప్పుడు సిస్టరు చెప్పింది" అంది.

నేను సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను. "సిగ్గేందక్కా, నేనూ ఆడదాన్నే గదా" అంటూ జుట్టు చిక్కు తీసి జడ వేసింది. ఇంక ఏడుపు ఆగలేదు. నేను నర్సునని అప్పటికి ఆమెకు తెలియదు.

తెల్లవారుజామున తన బాధ చెప్పుకుంది. తెల్లబట్ట అవుతోందని ఎక్కడో చూపించుకుంటే సంచి తీసేద్దామన్నారట, డబ్బు కోసం అప్పు చూస్తున్నారట. పడుకునే చెప్పాను. ముందు పరీక్ష చేయించుకో, ఇన్ఫెక్షన్ అయితే మందులతోనే పోతుంది, గర్భసంచి ముఖద్వారం పరీక్ష సర్కారు ఆసుపత్రిలో డబ్బు లేకుండా చేస్తారు, అప్పు మాత్రం చేయొద్దు అని. నేను లేచి తిరగగలిగాక తనతో పోతాను. పేరు రాయొద్దంది, రాయను. చల్లగా ఉండు తల్లీ.

ఆ రాత్రి సిస్టరుని ఎందుకు పిలవలేదంటే, వార్డంతటికీ ఉన్నది ఒక్క పిల్ల. సెలైన్లు మార్చడానికే పరుగులు పెడుతోంది. బోధనాసుపత్రిలో మూడు బెడ్లకు, మామూలు ఆసుపత్రిలో అయిదు బెడ్లకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిలే చెప్పింది. అమలు చేసేదెవరు? నా సర్వీసంతా అర్జీలు పెడుతూనే వచ్చాం. రిటైరైనవాళ్ళ పోస్టులు ఖాళీగానే ఉంటాయి, ఉన్నవాళ్ళ నడుములు విరుగుతాయి, పేషెంట్లు నర్సుల్నే తిడతారు. సర్కారు ఆరోగ్య స్కీము కౌంటరు దగ్గర మా అబ్బాయిని కాగితానికో కిటికీ చొప్పున తిప్పారు. చదువుకున్నవాడికే అంత టెన్షన్ అయితే చదువురానివాళ్ళ గతేంటి?

మా ఆయన, అబ్బాయి, కోడలు చేశారు, వాళ్ళకు నేను చెప్పేదేముంది. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు, మత్తు డాక్టరుగారికి నమస్కారాలు.

అయ్యో, రక్తం ఇచ్చిన ఇద్దరు పిల్లలు! పేర్లు కూడా అడగలేదు, సంతోషంగా ఉండండి నాయనా. గంజి కాచి పంపిన వింజమూరు ఏఎన్ఎం చెల్లెలికి, వాంతి అయిన చోట మొహం చిట్లించకుండా కడిగిన ఆయమ్మకు కూడా. ఇంకా ఇంటిదాకా గుంతలు తప్పిస్తూ మెల్లగా తెచ్చిన ఆటో తమ్ముడికి. డబ్బులు సగమే తీసుకున్నాడని మా అబ్బాయి ఇప్పుడే చెప్పాడు.