ప్రిన్స్‌టన్ ప్రయాణానికి ముందు

చి. కిట్టూకి, నాన్న ఆశీస్సులు.

నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. పండక్కొచ్చిన శేషు మాత్రం నీకు ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చిందని, కోడలమ్మాయి రానంటోందని చెప్పిపోయాడు. నిజమేనా అని నేను అడగను. పెద్దత్త మోకాలు నయం. ఊసుపోక విదర్‌స్పూన్ గురించి రాస్తున్నాను. ఆ ఊళ్ళో ఒక వీధికి ఆయన పేరే.

జాన్ విదర్‌స్పూన్ స్కాట్లండులో పేస్లీ ఊరి పాస్టరు. 1766లో అమెరికాలో ప్రిన్స్‌టన్‌లోని న్యూజెర్సీ కాలేజీ (ఇప్పటి ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ) వాళ్ళు అధ్యక్షుడిగా రమ్మన్నారు. ఆయనకు మనసైంది, భార్య ఎలిజబెత్ ససేమిరా అంది. సముద్రం మాటెత్తితే చాలు, ఆవిడకు ఒంట్లో నలతగా ఉండేదట. కాలేజీ తరఫున రిచర్డ్ స్టాక్టన్ అనే లాయరు పేస్లీ దాకా వెళ్ళినా లాభం లేకపోయింది. విదర్‌స్పూన్ రానని రాసేశాడు. అప్పుడు ఎడిన్‌బరోలో వైద్యం చదువుతున్న బెంజమిన్ రష్, ఆ కాలేజీ పాత విద్యార్థే, 1767లో వాళ్ళింటికి వెళ్ళాడు. గమనించు, ఆయనతో ఆగలేదు, ఆవిడతోనూ మాట్లాడాడు. ఆవిడ భయం ఆవిడ నోటే విన్నాడు. ఆవిడ సరేనంది. నువ్వు అమ్మాయితో అలా కూర్చున్నావా? సరే, నాకెందుకు.

1768లో ఐదుగురు పిల్లలతో, 300 పుస్తకాలతో ఓడ దిగారు. కాలేజీలో డబ్బు లేదు. ఊరూరా ప్రసంగాలు చేసి చందాలు పోగేశాడు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ ఆయన దగ్గర చదివినవాడే. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళలో చర్చి కొలువులో ఉన్నవాడు ఈయనొక్కడే. స్టాక్టన్, రష్ కూడా అందులోనే సంతకాలు పెట్టారు! మరుసటేడు జెర్మన్‌టౌన్ యుద్ధంలో విదర్‌స్పూన్ కొడుకు జేమ్స్ పోయాడు. దాని గురించి రాయను, మీ అమ్మ చదువుతుంది. స్వేచ్ఛ గురించి అంత చెప్పినవాడు ఇంట్లో ఇద్దరు బానిసల్ని ఉంచుకున్నాడు. ఆయన్ని దేవుణ్ణి చేయకు.

పెద్ద ఉద్యోగం వచ్చిందని ఒక్కడివే ముందు వెళ్ళిపోవడం, తర్వాత ఆవిడ వస్తుందిలే అనుకోవడం మంచిది కాదు. ఆవిడ ఉద్యోగం సంగతి, పాప బడి సంగతి తేలాకే సంతకం పెట్టు. మందపాటి స్వెట్టర్లు మూడు కొను, ఇక్కడివి అక్కడి చలికి ఆగవు.

అమ్మాయి వాళ్ళ నాన్నగారి కొత్త నెంబరు పంపు. నేనేమీ మాట్లాడను, మీ అమ్మ మాట్లాడుతుంది.

నాన్న