ఖరీదైన ఫోనో ప్రీయాంప్ కొనేవారికి మా మాట

ఇకపై మా దుకాణంలో మీ టర్న్‌టేబుల్ ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే కార్ట్రిడ్జ్ ఏమిటో తెలుసుకోకుండా, ఆ సంకేతాన్ని పెంచే ఖరీదైన ఫోనో ప్రీయాంప్ అమ్మం. ఆర్డర్ ఇచ్చే ముందు కార్ట్రిడ్జ్ ఫొటో పంపండి. వీలైతే టర్న్‌టేబులే తీసుకురండి. అమ్మకాలు కొంత తగ్గుతాయని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం.

రికార్డు మీద మంద్ర ధ్వనులను తగ్గించి, తారస్థాయి ధ్వనులను పెంచి గాడి కోస్తారు. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ప్రకారం ప్రీయాంప్ దాన్ని తిరిగి సరిచేసి, మిల్లీవోల్టుల సంకేతాన్ని పెంచుతుంది. లోపల అయస్కాంతం కదిలే మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ 3 నుంచి 5 మిల్లీవోల్టులు ఇస్తుంది కాబట్టి 40 డెసిబెల్స్ పెంపు సరిపోతుంది. దీనికి లక్షలు పోయనక్కర్లేదు. డెనాన్ డీఎల్-103 లాంటి, తీగచుట్ట కదిలే మూవింగ్ కాయిల్ రకం ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులే. అంత సన్నని సంకేతాన్ని సొంత హోరు కలపకుండా పెంచడం కష్టం. ఖరీదుకు న్యాయం జరిగేది అక్కడే.

మూవింగ్ మాగ్నెట్ వాడేవారు ధర కన్నా ముందు కెపాసిటెన్స్ (కేబుల్లోనూ ప్రీయాంప్‌లోనూ ఉండే, విద్యుదావేశాన్ని నిల్వచేసే గుణం) చూడాలి. ఆడియో టెక్నికా వీఎం95 వరుసకు 100 నుంచి 200 పికోఫారడ్లు ఉండాలి. అందులో చాలా భాగం కేబులే తినేస్తుంది. ప్రీయాంప్ లోపల మరో 220 ఉంటే హద్దు దాటినట్టే. గాయని ‘స’, ‘ష’ పలికిన ప్రతిచోటా చెవిలో గుచ్చుకుంటుంది. పెట్టె అడుగున ఈ విలువ మార్చే చిన్న స్విచ్చులుంటే, మధ్యరకం ధరదైనా అదే కొనండి.

గుయ్‌మనే శబ్దం పోవడానికని కొత్త ప్రీయాంప్ అడుగుతున్నవారు ముందు టర్న్‌టేబుల్ నుంచి ప్రీయాంప్‌కు వెళ్లే ఎర్త్ తీగ బిగించి చూడండి.

తాతల నాటి పద్యనాటకాల 78 ఆర్‌పీఎం రికార్డులు దాచుకున్నవారి సంగతి వేరు. 1954కు ముందు ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కన గాడి కోసేది. ఆ లెక్క మార్చుకునే వీలున్న ప్రీయాంప్‌కు ధర ఎక్కువైనా పెట్టమనే చెబుతాను. ఆ గొంతులు మళ్లీ దొరకవు. వాటికి వెడల్పాటి ముల్లు వేరేగా కావాలి, ఎల్పీ ముల్లు పెట్టకండి.

ఇప్పటికే బయానా ఇచ్చినవారు పెట్టె తీసుకునే ముందు ఒకసారి కొట్టుకు వచ్చి మీ రికార్డుతోనే విని చూడండి. తేడా వినిపించకపోతే బయానా మొత్తం వెనక్కి ఇస్తాం.