ముక్కు కడిగే నీళ్లు కాచినవేనా?

సంపాదకులకు,

వానలు పడగానే ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ తెల్లగా పూస్తుంది. ఆ పుప్పొడి పడనివారికి తుమ్ములు, కళ్ల దురద మొదలు. వాట్సాప్ చిట్కాల్లో నిజంగా పనికొచ్చేది ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడమే, అదీ పద్ధతిగా చేస్తేనే.

పావులీటరు నీళ్లు ఐదు నిమిషాలు మరిగించి, గోరువెచ్చగా అయ్యాక అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. ఉప్పు తగ్గినా, పెరిగినా ముక్కు మండుతుంది. సింకు మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోటితో ఊపిరి తీస్తూ పై రంధ్రంలో పోస్తే కింది రంధ్రం నుంచి బయటికొస్తుంది. కాచని కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దే వద్దు. నేగ్లేరియా అనే అమీబా ఉన్న నీళ్లు ముక్కులోకి వెళ్తే అది మెదడుకు చేరుతుంది, బతకడం అరుదు. తాగితే ఈ అమీబా ఏమీ చేయదు కాబట్టే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కడిగే గిన్నెనూ రోజూ శుభ్రం చేసి ఆరబెట్టాలి.

తులసి, అల్లం కషాయం గొంతుకు హాయి, అంతే. తేనెతో అలర్జీ పోతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఏడాదిలోపు పిల్లలకు అసలు నాకించకూడదు. పుప్పొడి అలర్జీకి పెరుగు, అరటిపండు మాన్పించడం పిల్లలకు ఉత్త శిక్ష. పిల్లికూతలు, ఆయాసం వస్తే చిట్కాలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మున్సిపాలిటీలు వయ్యారిభామ మొక్కను పూతకు ముందే, తడి నేలలో, వేళ్లతో సహా పీకించాలి. సిబ్బందికి గ్లౌజులు, మాస్కులు ఇవ్వాలి. పూసి ఎండాక కోయిస్తే విత్తనాలు ఊరంతా చల్లినట్టే.

– ఒక పాఠకురాలు, ఖమ్మం