పత్తికి తేమ చూస్తాం, పసిబిడ్డకు తూకమొక్కటేనా?

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. వరంగల్ జిల్లా పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా, అంటే పల్లె నర్సుగా, పని చేసి రిటైరయ్యాను. తూకం ముల్లు 2,450 గ్రాముల దగ్గర ఆగినా, 2,470 దగ్గర ఆగినా రిజిస్టర్లో 2.5 కిలోలని రాసిన రోజులున్నాయి. తక్కువ రాస్తే ఇంకో ఫారం నింపాలి, మీటింగులో సార్లకు జవాబు చెప్పాలి. తల్లి మొహం చిన్నబోతుంది, అత్త సణుగుతుంది. 2.5 అని రాస్తే అందరికీ నిమ్మళం. ఈ పని నేనొక్కదాన్నే చేయలేదు. పుట్టు బరువుల లెక్కలు ఎక్కడివి తీసినా 2.5 దగ్గర, 3 దగ్గర కుప్ప పోసినట్టు ఉంటాయి. పిల్లలేమో అట్లా రాళ్ల లెక్కన పుట్టరు గదా.

రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు బిడ్డని రాస్తాం. ఆ రెండున్నర గీత గురించే ఈ ఉత్తరం.

నిరుడు సంక్రాంతి దాటాక మా వాడకట్టులో ఒక అమ్మాయికి తొలి కాన్పు అయింది. ఎనిమిదో నెల నిండే దాకా కూలికి పత్తి ఏరింది ఆ పిల్ల. నెలలు నిండాకే కాన్పు, బిడ్డ 2 కిలోల 600 గ్రాములు. ‘రెండున్నర దాటింది గదా, ఏం ఫికర్ లేదు, తోలుకపోండి’ అని ఆస్పత్రిలో రెండో రోజే పంపించారు. చూడటానికి పోయి బట్ట విప్పి చూశాను. పిల్ల పొడుగ్గా ఉంది. తొడల మీద చర్మం వదులుగా జారుతోంది, పిర్రల మీద ముడతలు, బుగ్గలు లోపలికి పోయాయి. మా అమ్మమ్మ ఉంటే ‘ముసలి మొహం పిల్ల’ అనేది. నా మనసు కలుక్కుమంది. కానీ కార్డు మీద 2.6 అని ఉంది, నేనూ ఆ అంకెనే నమ్మి నోరు మూసుకున్నాను.

మూడో రోజు రాత్రి బిడ్డ రొమ్ము పట్టడం మానేసింది. కాళ్లు చల్లబడ్డాయి, ఏడుపు పిల్లికూతలా సన్నగా వచ్చింది. ఆటోలో నా రైక లోపల, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకుని తీసుకుపోయాను. అక్కడ చూస్తే షుగర్ 31కి పడిపోయింది. ఆరు రోజులు పసిపిల్లల వార్డులో ఉంచి బతికించారు. ఆ డాక్టరమ్మకు, నర్సులకు నా దండాలు.

అదే వారం అదే ఆస్పత్రిలో 2.3 కిలోల బిడ్డ ఇంకొకరు పుట్టారు. తల్లి నాలుగడుగుల తొమ్మిది అంగుళాల మనిషి, బిడ్డా పొట్టిగానే ఉంది. కానీ బుగ్గలు నిండుగా ఉన్నాయి, పిడికిలి గట్టిగా ఉంది, రొమ్ము పడితే వదల్లేదు. ఆ బిడ్డను తక్కువ బరువని రాసి, తల్లిని బెదరగొట్టి, డబ్బా పాలు రాసిచ్చారు. గీతకు పైన ఉన్న బిడ్డ చావు దాకా పోయి వచ్చింది. గీతకు కింద ఉన్న బిడ్డకు లేని జబ్బు అంటగట్టారు.

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకుపోయిన రైతును అడగండి. అక్కడ కాంటా ఒక్కదాన్నే ఎవరూ నమ్మరు. బస్తాలో తేమ మీటరు గుచ్చుతారు. 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, 12 దాటితే పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ అసలు తీసుకోదు. బస్తా బరువులో పత్తి ఎంత, నీళ్లెంత అని అంత పట్టింపుగా చూస్తాం. బిడ్డ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అని మాత్రం ఎవరమూ అడగం.

కొవ్వంటే ఇప్పుడు అందరికీ భయం. అప్పుడే పుట్టిన బిడ్డకు మాత్రం అదే సద్దిమూట. కడుపులో చివరి రెండు మూడు నెలల్లోనే అది చేరుతుంది. నెలలు నిండిన బిడ్డ ఒంట్లో సుమారు పదో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా కొవ్వే. మనలాగా వణికి వేడి పుట్టించుకోవడం పసిబిడ్డకు చేతకాదు. మెడ చుట్టూ, రెక్కల మధ్య, మూత్రపిండాల దగ్గర ఉండే గోధుమ రంగు కొవ్వును కరిగించుకుని వెచ్చగా ఉంటుంది. తల్లికి పాలు బాగా పడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ లోపు ముర్రుపాలకు తోడు కాలేయంలో దాచుకున్న చక్కెర, ఒంటి కొవ్వు దాన్ని నడిపిస్తాయి. మూట ఖాళీగా వచ్చిన బిడ్డ మూడో రాత్రి చల్లబడిందంటే వింత లేదు.

ఇది నా సొంత తెలివి కాదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో, పసిపిల్లలను గాలి పెట్టెలాంటి యంత్రంలో కాసేపు పడుకోబెట్టి ఒంటి కొవ్వు శాతం కొలిచారు. 2013లో అచ్చయిన ఆ ఫలితాలు చెప్పేది ఇదే. ఒళ్లు చల్లబడటం, పాలు తాగలేకపోవడం, ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి రావడం లాంటి చిక్కులను పుట్టు బరువు కన్నా కొవ్వు శాతమే బాగా పట్టిచ్చింది. అట్లాగని ఆ యంత్రాలు కొనమని నేను అడగడం లేదు. కొన్న యంత్రాలు స్టోర్ రూముల్లో దుమ్ము తినడం నా సర్వీసంతా చూశాను.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దాన్ని దాటేసి రాస్తే సగం నిజమే చెప్పినట్టవుతుంది. పుణె కేఈఎం ఆస్పత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారి బృందం 1993 నుంచి అక్కడి ఆరు పల్లెల్లో గర్భిణులను, వాళ్లకు పుట్టిన పిల్లలను చూస్తూ వచ్చింది. అక్కడి బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5. మన బిడ్డల్లో పొట్ట, జబ్బ బాగా చిన్నవి, అంటే లోపలి అవయవాలు, కండ తక్కువ. కానీ రెక్క కింద చర్మాన్ని పట్టి కొలిస్తే అక్కడి కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. చూడటానికి బక్క, లోపల కొవ్వు. తిండి చాలని కడుపులో బిడ్డ కండను వదులుకుని కొవ్వును దాచుకుంటుందన్న మాట. ఆ సద్దిమూట పుట్టిన వారంలో ప్రాణం నిలిపినా, నలభై ఏళ్లకు షుగరై కూర్చునే ప్రమాదం ఉంది. మా ఊళ్లో ముప్పై అయిదేళ్లకే షుగర్ గోలీలు మింగే సన్నటి మనుషులను చూసినప్పుడల్లా ఈ లెక్క గుర్తొస్తుంది. వాళ్లలో కొందరి పుట్టు బరువులు రాసింది నేనే.

పుట్టు బరువుల రిజిస్టర్ల విలువ లోకానికి తెలిసింది కూడా మా బోటి వాళ్ల రాత వల్లే. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి మంత్రసానులు, ఇళ్లు తిరిగే నర్సులు పిల్లల బరువులు రాసి పెట్టారు. డెబ్బై ఏళ్లు దాటాక డేవిడ్ బార్కర్ అనే డాక్టరు ఆ పుస్తకాలు వెతికి తీశాడు. తక్కువ బరువుతో మొదలైన వాళ్లే గుండె జబ్బుతో ఎక్కువగా పోయారని 1989లో చూపించాడు. నర్సు రాసిన అంకె అంత దూరం పోతుందని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే 2,450ని 2.5 చేసేదాన్ని కాదేమో.

బొద్దు పిల్లల సంగతి వేరు. నాలుగు కిలోల బిడ్డ పుడితే ఊరంతా సంబరం, ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. తల్లికి షుగర్ చూశారా అని అడిగితే బిక్క మొహం వేస్తారు. తల్లి రక్తంలో ఎక్కువైన చక్కెర మాయ దాటి బిడ్డకు పోతుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. బిడ్డే ఇన్సులిన్ ఎక్కువ తయారు చేసుకుని ఆ చక్కెరను కొవ్వుగా మారుస్తుంది. బొడ్డు కోయగానే చక్కెర ఆగిపోతుంది, ఇన్సులిన్ మిగులుతుంది. అప్పుడు ఈ బొద్దు బిడ్డకూ షుగర్ పడిపోతుంది. తొమ్మిది దేశాల్లో దాదాపు 23,000 మంది గర్భిణులపై చేసి 2008లో ప్రకటించిన అధ్యయనంలో, తల్లి షుగర్ ఒక్కో మెట్టు పెరిగే కొద్దీ బిడ్డ బరువూ పెరిగింది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం చూడటం, 140 దాటితే జాగ్రత్త పడటం మన దేశపు మార్గదర్శకాల్లోనే ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చేయాలి. సబ్‌సెంటర్‌లో గ్లూకోజు ప్యాకెట్ ఉంటే స్ట్రిప్పులుండవు, స్ట్రిప్పులొస్తే ప్యాకెట్లు అయిపోతాయి. ఈ రెండూ ఒకే రోజు ఒకే చోట ఉండేలా చూడండి చాలు.

ఇక నేను అసలు అడిగేది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. అంటే దాదాపు ప్రతి బిడ్డనూ పుట్టిన గంటలో చదువుకున్న చేతులు పట్టుకుంటున్నాయి. ఆ చేతులకు తూకంతో పాటు ఇంకో పని నేర్పించాలి. మెట్‌కాఫ్ అనే అమెరికా డాక్టరు 1994లో ఒక పద్ధతి రాశాడు, క్యాన్‌స్కోర్ అంటారు. జుట్టు, బుగ్గలు, గదవ–మెడ, చేతులు, కాళ్లు, వీపు, పిర్రలు, ఛాతీ, పొట్ట. ఈ తొమ్మిదింటినీ కంటితో చూసి, చర్మాన్ని వేళ్లతో పట్టి, ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు వేయాలి. మొత్తం 36. పాతికకు తక్కువ వస్తే, బరువు ఎంతున్నా ఆ బిడ్డ కడుపులో పస్తులున్నట్టు లెక్క. మా అమ్మమ్మ ‘ముసలి మొహం’ అన్నది ఇదే, ఆయన మార్కులు వేశాడు, అంతే తేడా. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. దీనికి తోడు చెక్క పలక మీద పొడుగు, టేపుతో జబ్బ కొలత. అయిదు నిమిషాల పని. కానీ బొద్దు బిడ్డకు ఇందులో మంచి మార్కులే వస్తాయి, కాబట్టి తల్లి షుగర్ పరీక్షను ఇది తప్పించదు.

మార్కులు వేసి ఊరుకుంటే లాభం లేదు. పాతికకు తక్కువ వచ్చిన బిడ్డను, మూడు కిలోలున్నా సరే, మూడు రోజులు ఆస్పత్రిలోనే ఉంచాలి. తల్లి గుండెల మీద పడుకోబెట్టి వెచ్చగా ఉంచాలి, రెండు మూడు గంటలకోసారి పాలు పట్టించాలి, షుగర్ చూడాలి. ఆపరేషన్ కాన్పు అయితే మరీ జాగ్రత్త. మన దగ్గర అదే సర్వేలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, అక్కడ తొలి పాలు ఎట్లా ఆలస్యమవుతాయో మీకు చెప్పక్కర్లేదు. ఇంటికి వెళ్లాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వస్తుంది. ఆమె చేతికిచ్చే కాగితం మీద బరువు పక్కన ఈ మార్కు కూడా ఉంటే ఏ ఇంటికి రెండుసార్లు పోవాలో ఆమెకే తెలుస్తుంది. గోదావరికి అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే నేర్పించి 39 పల్లెల్లో పసిపిల్లల చావులను 62 శాతం తగ్గించారు. 1999లో అచ్చయిన సంగతి ఇది. కాళేశ్వరం వంతెన దాటితే ఆ జిల్లానే.

బక్కగా పుట్టిన బిడ్డను ఇంటికి తెచ్చాక ‘లావు చేయాలి’ అని ఇంటిల్లిపాదీ పట్టుబడతారు. మా వాడకట్టు బిడ్డకు అయిదో నెలలోనే నానమ్మ బిస్కెట్లు పాలలో ముంచి పెట్టింది. దిల్లీలో 1969–72 మధ్య పుట్టిన వాళ్లను పెద్దయ్యే దాకా చూశారు. చిన్నప్పుడు సన్నగా ఉండి, రెండేళ్లు దాటాక పొడుగుకు మించి లావెక్కుతూ వచ్చిన వాళ్లలోనే ముప్పై ఏళ్లకు షుగర్ ఎక్కువ కనిపించింది. ఆరు నెలలు తల్లిపాలే, తర్వాత పప్పన్నం, గుడ్డు, ఇంటి తిండి అని ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. అంగన్‌వాడీ టీచర్‌కు ఇప్పటికే పని ఎక్కువ, అది నాకు తెలుసు.

కడుపులోనే సద్దిమూట నిండాలంటే తల్లి తినాలి. మన రాష్ట్రంలో గర్భిణుల్లో 53.2 శాతానికి రక్తహీనత ఉందని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. ‘ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమైతది’ అని ఏడో నెల నుంచి అన్నం తగ్గించే అత్తలు ఇంకా ఉన్నారు. ఆరోగ్యలక్ష్మి కింద గుడ్డు, పాలు, ఒక పూట భోజనం మంచి పథకం. అంగన్‌వాడీలో కూర్చుని తింటేనే మంచిది, ఇంటికి తీసుకుపోతే ఆ గుడ్డు నాలుగు ముక్కలవుతుంది. కానీ పత్తి ఏరే పొద్దున, మిర్చి కాయ తెంపే మధ్యాహ్నం కూలి వదులుకుని ఎవరొస్తారు? పొద్దున ఏడింటికి, చేనుకు పోయే ముందే వండి పెట్టే వీలు మా జిల్లాలో కొన్ని ఊళ్లలోనైనా చేసి చూడండి. హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987–90 మధ్య ఇట్లాంటి పరీక్ష ఒకటి జరిగింది. సగం ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే మిగతా ఊళ్ల పిల్లల కన్నా సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, ఇన్సులిన్ పని చేసే తీరూ వాళ్లలోనే మెరుగ్గా ఉంది. ఉప్మా అని నవ్వుకునే వాళ్లు అది చూడాలి.

మేడారం జాతరలో నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూగిన మనుషులం, తూకం మీద మాకు గౌరవమే. ఈ సీజన్ పత్తి ఏరుడు మొదలయ్యే లోపు మా మండలంలో ఒక్క పీహెచ్‌సీలో, మా ఊరి మహిళలు కాన్పుకు పోయే ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఈ తొమ్మిది గుర్తుల పద్ధతి పెట్టించండి. ఆరు నెలల లెక్క తీసి, పనికి రాకపోతే ఆపేయండి. నర్సులకు, ఆశాలకు నేర్పించడానికి మనిషి కావాలంటే నేనున్నాను. టేపు కూడా నాదే తెచ్చుకుంటాను, టీఏ, డీఏ బిల్లులు పెట్టను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
వరంగల్ జిల్లా