సమావేశానికి ముందు రాత్రి చేయాల్సిన పని

అయ్యా,

కంప్యూటర్ వాడేవాళ్లు ఒకరికొకరు సాయపడే యూజర్ గ్రూపు సమావేశాల కబురు పత్రికల్లో వచ్చినప్పుడు తేదీ, వేళ, చోటు ఉంటాయి. ఏం తెచ్చుకోవాలో మాత్రం ఉండదు. దాంతో కొత్తగా చేరేవాళ్లు లాప్‌టాప్ ఒక్కటే సంచిలో వేసుకుని వచ్చేస్తారు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసరూ మరీ పాతది కాకూడదు. అందుకే పాత మెషీన్‌లో విండోస్‌కు బదులుగానో పక్కనో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేయించుకుందామని వచ్చేవాళ్లకోసం ఈ నాలుగు మాటలు.

మొదటిది బ్యాకప్. 200 జీబీ ఫొటోలున్నాయనుకోండి. యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకి 30 ఎంబీ చొప్పున వెళ్లినా గంటా యాభై నిమిషాలు పడుతుంది. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకా ఆలస్యం. సమావేశం కాస్తా ఆ గీత నిండడం చూస్తూనే అయిపోతుంది. ఇది ముందు రాత్రే కానివ్వాలి. కాపీ అయ్యాక నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే, ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ దాటిన వీడియో అందులోకి ఎక్కదు.

అసలు చిక్కు విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌తో. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన లాప్‌టాప్‌లలో, మనం అడక్కపోయినా డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో ఉండొచ్చు. లినక్స్ కోసమని సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేరుతోనే మెషీన్‌ను మొదలవనిచ్చే) సెట్టింగు కదిపామంటే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కులోని డేటాను గ్రూపులో ఎంతటి నిపుణుడూ బయటికి తీయలేడు. సాధారణంగా ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉంటుంది. కాగితం మీద రాసి తెచ్చుకోండి. అదే లాప్‌టాప్‌లో ఫైలుగా దాచుకునేవాళ్లూ ఉంటారు. తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు!

విండోస్‌ను ఉంచుకుని పక్కన లినక్స్ పెట్టుకునేవాళ్లకు ఇంకొకటి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్, డిస్కులో విండోస్ ఉన్న భాగాన్ని (పార్టిషన్‌ను) చదవనిస్తుంది గానీ రాయనివ్వదు, ఒక్కోసారి తెరవనే తెరవదు. షిఫ్ట్ నొక్కిపట్టి షట్ డౌన్ చేస్తే ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. శాశ్వతంగా కావాలంటే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఆపేయాలి.

ఇన్‌స్టాలేషన్‌కు 8 జీబీ పెన్‌డ్రైవ్ సాధారణంగా చాలు. దించుకున్న లినక్స్ ఐఎస్ఓ ఫైలును అందులోకి ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు, అంటే కంప్యూటర్ దాంతో మొదలవదు. రూఫస్ లాంటి ప్రోగ్రాముతో రాయాలి. రాస్తే అందులో ఉన్నదంతా పోతుంది. రాసే ముందు ఎస్‌హెచ్ఏ-256 చెక్‌సమ్‌ను (ఫైలు చెడకుండా దిగిందో లేదో తేల్చే కోడ్‌ను) దించుకున్న సైటులో ఇచ్చినదానితో సరిచూడండి. 64 అక్షరాల్లో ఒక్కటి తేడా వచ్చినా ఆ ఫైలు పనికిరాదు, మళ్లీ దించుకోవాల్సిందే. ఈ మెట్టు దాటేసినవాళ్లే ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతే డిస్కు పాడైందని కంగారుపడతారు.

ఛార్జరు మరవొద్దు. వైఫై డ్రైవరు దొరక్కపోతే ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపి దాని నెట్ వాడుకోవచ్చు, దాని కేబులూ తెచ్చుకోండి.

"పనిచేయట్లేదు" అంటే ఎవరికీ ఏమీ అర్థంకాదు. తెర మీద వచ్చిన ఎర్రర్ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, ఫొటో అయితే మరీ మేలు. చివరిసారి బాగా నడిచిన తరవాత ఏం మార్చారో కూడా చెప్పండి.

ఇది రిపేరు షాపు కాదు. లాప్‌టాప్ అప్పగించి టీకి వెళ్లిపోతే కుదరదు. కీబోర్డు ముందు మీరే కూర్చోవాలి, పాస్‌వర్డ్ మీరే కొట్టాలి. 1975లో కాలిఫోర్నియాలో ఒక గ్యారేజీలో మొదలైన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బులో ఆపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్-1 కంప్యూటర్ సర్క్యూట్ పటాలను సభ్యులకు ఉచితంగా పంచాడు. యూజర్ గ్రూపుల తీరు అప్పటినుంచీ అదే: తెలిసినవాళ్లు చూపిస్తారు, చేసుకునేది ఎవరికి వాళ్లే.

కాబట్టి సంపాదకులకు మా విన్నపం ఒకటే. ఇకపై సమావేశం కబురు వేసేటప్పుడు చోటు, వేళ కింద "బ్యాకప్, రికవరీ కీ, పెన్‌డ్రైవ్, ఛార్జరు తెచ్చుకోండి" అని ఒక్క లైను చేర్చండి.

ఇట్లు,
యూజర్ గ్రూపు సభ్యులు కొందరు