గ్యారేజీలో వెలసిన సింహాసనం

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అందిన వెంటనే జవాబు రాయాలనుకున్నాను, ఇంత ఆలస్యమైనందుకు క్షమించు. అమ్మ కంటి ఆపరేషన్ సవ్యంగా జరిగింది, చెల్లి కొత్త ఉద్యోగంలో చేరింది, నాకు పని ఎప్పటిలాగే ఊపిరి సలపనివ్వడం లేదు. మిగతా ఇంటి సంగతులన్నీ తీరిగ్గా మరోసారి. జేమ్స్ హాంప్టన్ అనే మనిషి గురించి నీకు చెప్పేదాకా నా మనసు కుదుటపడదు, ఎందుకంటే చూసేవాడు లేకపోతే చేసేవాడు ఉండడనే నీ ‘మూడో బెంచీ సిద్ధాంతానికి’ ఈయన గట్టి సవాలే విసిరాడు.

హాంప్టన్ 1909లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో పుట్టిన నల్లజాతి మనిషి. యౌవనంలో వాషింగ్టన్ నగరానికి వచ్చి, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, తిరిగి వచ్చాక ప్రభుత్వ భవనాలను ఊడ్చి తుడిచే ఉద్యోగంలో కుదిరాడు. అద్దె గదిలో ఒంటరిగా ఉండేవాడు, పెళ్లి చేసుకోలేదు. 1950లో ఒక పాత గ్యారేజీని అద్దెకు తీసుకుని, డ్యూటీ ముగిశాక అర్ధరాత్రి వేళ అక్కడికి వెళ్లి గంటల తరబడి ఏదో పని చేసుకునేవాడు. ఇలా పద్నాలుగేళ్లు గడిచాయి. 1964 నవంబరులో ఆయన కేన్సర్‌తో మరణించాడు. అద్దె రావడం లేదేమిటా అని యజమాని వచ్చి తలుపు తెరిచేసరికి, లోపల ఆ చివరి నుంచి ఈ చివరిదాకా బంగారు, వెండి కాంతులతో ధగధగలాడుతున్న ఒక కొలువుకూటం కనిపించింది!

నూట ఎనభై దాకా వస్తువులున్నాయి. మధ్యలో ఎత్తైన సింహాసనం, దాని శిఖరాన ‘భయపడకుము’ అనే మాట, అటూ ఇటూ రెక్కలు తొడిగిన పీఠాలు, కిరీటాలు, వేదికలు ఉన్నాయి. ఆ సింహాసనానికి కుడివైపున ఉన్నవి యేసుకూ కొత్త నిబంధనకూ, ఎడమవైపున ఉన్నవి మోషేకూ పాత నిబంధనకూ సంబంధించినవి. దేవుడూ దేవదూతలూ తనకు దర్శనమిచ్చారనీ, క్రీస్తు రెండో రాకడ కోసం ఈ ఆసనాన్ని సిద్ధం చేయడమే తన పని అనీ ఆయన మనసా వాచా నమ్మాడు. ‘జనముల సహస్రాబ్ది సర్వసభ యొక్క మూడవ పరలోక సింహాసనం’ అని దానికి పెద్ద పేరే పెట్టుకున్నాడు.

ఇక అవి వేటితో తయారయ్యాయో విను. ఫొటోలను ఎంత పెద్దవి చేయడానికి వీలైతే అంత పెద్దవి చేసి చూశాను. ఆ మెరుపంతా రేకు కాగితమే! దాని కింద ఉన్నవి ఎవరికీ అక్కరలేని పాత కుర్చీలు, బల్లలు, అట్టపెట్టెలు, ఆఫీసు బల్లల మీద పరిచే అద్దుడు కాగితాలు, జామ్ సీసాలు, మాడిపోయిన బల్బులు. పెద్ద గుండ్రటి బల్లను రంపంతో నిట్టనిలువునా రెండుగా కోసి, ఒక్కో సగాన్నీ ఒక్కో అర్ధచంద్రాకారపు వేదికగా మలిచాడు. ఒకే బల్ల కాబట్టి కుడి ఎడమలు అచ్చు గుద్దినట్టు ఒక్కలాగే వచ్చాయి. తివాచీలు చుట్టి వచ్చే అట్ట గొట్టాలు స్తంభాలయ్యాయి. బల్బుకు రేకు చుట్టిన తీరు చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. ఒక్కసారి చుట్టి వదిలేయలేదు, గాజు ఒంపు ఎటు తిరిగితే రేకును అటు నొక్కుతూ, ముడతలన్నీ వేలితో అదుముతూ పోయాడు. ఆఫీసుల్లో వెలిగి ఆరిపోయిన బల్బు రెక్కల అంచున మళ్లీ మెరవడం మొదలుపెట్టింది. దీన్ని పిచ్చి అని కొందరు కొట్టిపారేస్తారు, నాకు ఆ మాట వింటే కోపం వస్తుంది. అంత నిలకడ, అంత కొలత ఉన్న చేతిని పిచ్చి చేయి అనడం అన్యాయం.

ఇప్పుడు నీ సిద్ధాంతానికి వద్దాం. చూసేవాడు లేకపోతే చేసేవాడు ఉండడని, మూడో బెంచీలో కూర్చుని మనల్ని వినే ఆ ఇద్దరూ రాని రోజున మన పద్యపఠనం ఎలా చప్పబడిపోయిందో ఉదాహరణ చూపి మరీ వాదించేవాడివి. ఇటువంటి పనులు చేసిన మిగతావాళ్లను గుర్తు చేసుకుంటే నీ మాట నిజమే అనిపిస్తుంది. ఫ్రాన్సులో ఫెర్డినాండ్ షెవాల్ అనే పోస్ట్‌మన్ 1879లో దారిలో కాలికి తగిలిన ఒక వింత రాయితో మొదలుపెట్టి, ముప్పై మూడేళ్లపాటు ఏరిన రాళ్లతో ఒక భవనాన్నే కట్టాడు. కానీ ‘ఇది ఒకే మనిషి పని’ అని దాని గోడ మీద చెక్కుకున్నాడు, అంటే చదివేవాళ్లు వస్తారనే కదా! లాస్ ఏంజెలిస్‌లో సైమన్ రోడియా 1921 నుంచి ముప్పై ఏళ్లకు పైగా ఇనుప చువ్వలు, సిమెంటు, పగిలిన పెంకులు, సీసా ముక్కలతో గోపురాలు లేపాడు, అవి వీధిన పోయే ప్రతివాడికీ కనిపిస్తాయి. మన చండీగఢ్ నేక్‌చంద్ ఒక్కడే హాంప్టన్‌కు దగ్గరివాడు: కూల్చిన ఇళ్ల శిథిలాలనూ విరిగిన గాజులనూ అడవి చాటుకు చేర్చి ఏళ్ల తరబడి రహస్యంగా బొమ్మలు చేశాడు. అయితే అది 1976లో ప్రజలకు తెరిచిన తోటైంది, చూసేవాళ్లు తండోపతండాలుగా రావడం ఆయన బతికుండగానే చూసుకున్నాడు.

హాంప్టన్‌కు ఆ భాగ్యం దక్కలేదు. సొంత తోబుట్టువుకు కూడా ఆయన ఇంత పని చేశాడన్న సంగతి ఆయన పోయాకే తెలిసిందట. ఇక్కడికి వచ్చేసరికి నా వాదన నెగ్గిందని సంబరపడ్డాను, కానీ ఆ సంబరం ఎక్కువసేపు నిలవలేదు. నిజానికి ఆయనకు చూసేవాడు ఉన్నాడు. ఆ కుర్చీ ఎవరి కోసం చేశాడో ఆ క్రీస్తే ప్రతి రాత్రీ తనను చూస్తున్నాడని నమ్మిన మనిషికి ఇంకొక ప్రేక్షకుడు ఎందుకు? అలాగైతే మూడో బెంచీ ఖాళీగా లేదు, మనకు కనిపించడం లేదంతే. మరోవైపు, ఉద్యోగ విరమణ తర్వాత బోధకుడు కావాలని కూడా ఆయన అనుకునేవాడట, అంటే ఎప్పటికో అప్పటికి జనం ముందు ఆ తలుపులు తెరవాలనే... దీన్ని నేను ఇంకా తేల్చుకోలేకపోతున్నాను, నువ్వే చెప్పాలి.

1970 నుంచి ఆ సింహాసనం స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. జనం దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. అది కాపాడబడినందుకు ఎంతో సంతోషం కలుగుతుంది, వెంటనే ఆ గ్యారేజీ, ఆ అర్ధరాత్రి నిశ్శబ్దం దానితోపాటు రాలేదు కదా అని దిగులూ వేస్తుంది.

అన్నట్టు, అసలు వింత ఇంకా చెప్పనేలేదు. ఆయన ఒక నోటుపుస్తకం నిండా తానే కల్పించుకున్న లిపిలో ఏదో రాసుకున్నాడు, దాన్ని ఇప్పటివరకూ ఎవరూ చదవలేకపోయారు. మనం ఏడో తరగతిలో లెక్కల మాస్టారికి దొరక్కుండా కనిపెట్టిన ‘చుక్కల భాష’ నాకు వెంటనే గుర్తొచ్చింది. మన భాషకు చదివేవాళ్లు ఇద్దరైనా ఉన్నారు. హాంప్టన్ తన పేజీల అడుగున మాత్రం అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులో ‘రివిలేషన్’, అంటే దేవుడు బయలుపరిచిన ‘ప్రకటన’ అనే ఒకే ఒక్క మాట రాసేవాడు. పైనంతా దాచి, కింద ఆ ఒక్క మాటను మాత్రం ఎందుకు బయటపెట్టాడా అని ఆలోచిస్తుంటే నాకు ఒకటి తోచింది, అదేమిటంటే

రాఘవా, బండి వచ్చి గుమ్మంలో హారన్ కొడుతున్నారు, ఇంకా చొక్కా కూడా మార్చుకోలేదు. మిగతాది వచ్చే ఉత్తరంలో రాస్తాను. నీ సిద్ధాంతం సంగతి మాత్రం వెంటనే రాయి.

నీ
శ్రీను