ఎండ కాసే రోజే హుడ్ బిగించండి

సంపాదకులకు నమస్కారం. ఇంగ్లండ్‌లో ఇంటి గ్యారేజీలో కిట్ కార్లు (విడిభాగాలుగా కొని సొంతంగా బిగించుకునే కార్లు) కట్టుకునేవాళ్ల మీద మీరు వేసిన వ్యాసం బాగుంది, కానీ ఇంజిన్, చాసిస్ గురించి అంత రాసి హుడ్ (గుడ్డ పైకప్పు) ఊసే ఎత్తలేదు. 1957లో లోటస్ సెవెన్ అనే పైన తెరిచి ఉండే చిన్న స్పోర్ట్స్ కారు వచ్చిన దగ్గర్నుంచీ ఈ తరహా కార్లలో తిరిగేవాళ్లకు అసలు టెన్షన్ వానతోనే. ఇక్కడే ఉంటూ ఒకటి కట్టుకున్నాను కాబట్టి చెబుతున్నా. హుడ్‌కు వాడే వినైల్ (ప్లాస్టిక్ పూత గుడ్డ) చలికి బిగుసుకుపోతుంది, ఎంత లాగినా కారు బాడీ మీద దాన్ని బిగించే బటన్ దాకా రాదు; అందుకే హుడ్‌ను కాసేపు ఎండలో పరిచి, మెత్తబడ్డాక ముందు విండ్‌స్క్రీన్ ఫ్రేముకు తగిలించి, గుడ్డ మధ్యగీతను కారు మధ్యకు సరిచూసుకుని, వెనక్కి లాగి, నడుమ నుంచి రెండు పక్కలకీ ఒక్కో బటనూ పెట్టుకుంటూ పోవాలి. మూలలు ఆఖర్న. బటన్లకు రంధ్రాలు పెట్టాల్సి వస్తే, ఫైబర్‌గ్లాస్ బాడీ మీద మాస్కింగ్ టేపు అంటించి, దాని మీదే గుర్తు పెట్టి డ్రిల్ చేయండి, లేకపోతే పైపూత పెచ్చులూడుతుంది. వెనక ప్లాస్టిక్ కిటికీని గడ్డకట్టే చలిలో మడిస్తే పగిలిపోతుంది, ఈ మాట ముందుగా ఎవరూ చెప్పరు. నా కిట్ అమ్మినవాళ్లు హుడ్‌తో ఒక్క కాగితం కూడా పెట్టలేదు. అంత డబ్బు తీసుకుని ఈ నాలుగు ముక్కలు రాసివ్వడానికి ఏం అడ్డం? దీని మీద బొమ్మలతో ఓ వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు, కోవెంట్రీ